వైల్, యాజ్, వెన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తెలుగు వార్తలను ఇంగ్లీష్‌లోకి రాయడం నా ఉద్యోగం. రెండు పనులు ఒకేసారి జరిగాయని చెప్పడానికి ఏళ్లుగా ఈ మూడు కంజంక్షన్లనూ వాడుతున్నాను. ఏది నమ్మకమైనదని అడిగితే, నా ఓటు 'వైల్'కే.

రెండు పనులూ కాసేపు సాగేవైతే దీన్ని మించింది లేదు. 'వైల్ ఐ కుక్డ్, షి రెడ్ ద పేపర్' అంటే చదివేవాళ్లకు అనుమానమే రాదు.

మనవాళ్లకు అసలు చిక్కు వేరే చోట ఉంది. 'రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది' అంటే నడిచింది మనమేనని తెలుగులో అందరికీ అర్థమవుతుంది. అదే అలవాటులో 'వైల్ వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మి' అని రాసేస్తారు. ఇంగ్లీష్ వ్యాకరణం ప్రకారం అక్కడ నడిచింది కుక్క. 'వైల్ ఐ వాజ్ వాకింగ్' అనాలి. నేను దిద్దే కాపీల్లో పదేపదే కనిపించేది ఇదే. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

'యాజ్' అంటే నాకు చాలా ఇష్టం. చీకటి పడేకొద్దీ చలి పెరిగిందని చెప్పాలంటే 'యాజ్ ఇట్ గాట్ డార్కర్, ఇట్ గాట్ కోల్డర్' అన్నదే సరైన వాక్యం. అక్కడ 'వైల్' అతకదు. రెప్పపాటులో జరిగేవాటికి 'జస్ట్ యాజ్ ఐ సాట్ డౌన్, ద ఫోన్ ర్యాంగ్' చక్కగా కుదురుతుంది. కానీ దీనికి 'కాబట్టి' అనే అర్థం కూడా ఉంది. 'యాజ్ షి వాజ్ కుకింగ్, ఐ ఓపెన్డ్ ద డోర్' అంటే ఆమె వంట చేస్తుండగా తీశానా, చేస్తోంది కాబట్టి తీశానా? ఇలాంటి చోట నేను 'వైల్' గానీ 'బికాజ్' గానీ వేసేస్తాను.

'డ్యూరింగ్' ఈ జట్టులోది కాదు, దాని వెనక నామవాచకమే రావాలి.

'వెన్' వయసు గురించి చెప్పడానికి బాగుంటుంది: 'వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్'. మిగతా చోట్ల మాత్రం క్రియను చూసుకోవాలి. 'వెన్ ఐ రీచ్డ్ హోమ్, హి మేడ్ టీ' అంటే నేను వచ్చాక టీ పెట్టాడు. 'హి వాజ్ మేకింగ్ టీ' అంటే నేను వచ్చేసరికే పెడుతున్నాడు. ప్రమాదాలు, కేసుల వార్తల్లో ఎవరు ఎప్పుడు ఏం చేస్తున్నారన్నదే కీలకం కాబట్టి, ఆ క్రియ దగ్గర నేను రెండోసారి చదవకుండా కాపీ వదలను.