షాపుకి సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్నారా? బ్యాలెన్స్ కట్టేముందు ఇది చదవండి

విజయవాడలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు అండి. రెండు కౌంటర్లు, ఒక గొడౌన్. బిల్లింగుకీ స్టాకుకీ కలిపి రెండేళ్ల కిందట ఒక కంపెనీ చేత సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాం, 2 లక్షల 40 వేలు. వాళ్ల పేరు ఇక్కడ రాయను, వాళ్లతో లెక్క ఇంకా తేలలేదు. కానీ జరిగింది మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే మా బజార్లోనే ఇంకో ఇద్దరు ఇప్పుడు ఇలాగే అడ్వాన్సులు ఇచ్చి కూర్చున్నారు.

"మొదటి లైను నుంచి మా టీమే రాసింది సార్, మీ షాపు కోసమే, ఇది ఇంకెవరి దగ్గరా ఉండదు" అన్నారు. కొటేషన్లో కూడా అదే రాశారు. మొదటి ఏడాది మెయింటెనెన్స్ 18 వేలు కట్టాం, బానే ఉంది. రెండో ఏడాది ఒక్కసారిగా 65 వేలు అన్నారు. అంత కట్టలేం, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ఫైళ్లు, ఇచ్చేయండి, వేరేవాళ్లతో చూయించుకుంటాం అంటే, "కోడ్ మా సొంతం సార్, కావాలంటే ఇంకో 3 లక్షలు అవుద్ది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మూడు వేల పైచిలుకు ఐటెమ్‌ల స్టాకు, పార్టీల బాకీలు మొత్తం అందులోనే ఉన్నాయి మరి.

దసరాకి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు, సాఫ్ట్‌వేర్లోనే పనిచేస్తాడు. కౌంటర్ దగ్గర కూర్చుని, నేను బిల్లు కొడుతుంటే స్క్రీన్ పైన అడ్రస్ బార్ చూసి ఆగిపోయాడు. "మావయ్యా, ఇక్కడ ఫాక్టూర్ అని ఉంది చూడు, అది ఫ్రెంచ్ మాట, బిల్లు అని అర్థం. బెజవాడ కంపెనీ ఫోల్డర్‌కి ఫ్రెంచ్ పేరెందుకు పెట్టుకుంటుంది?" అన్నాడు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్తే బిల్లు ప్రింట్ నమూనా పేరు క్రాబ్ అని ఉంది, అదీ ఫ్రెంచే, పీత అట. డేటాబేస్ తెరిస్తే ప్రతి టేబుల్ పేరూ ఎల్ఎల్ఎక్స్ తోనే మొదలవుతోంది. "ఇది డోలిబార్ మావయ్యా" అన్నాడు. అదొక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఎవరైనా నెట్లోంచి ఉచితంగా దింపుకోవచ్చు. వీళ్లు లోగో తీసేసి, పేరు మార్చి, ఫైళ్లన్నీ ఎవరూ చదవలేకుండా ఎన్‌కోడ్ చేసి తాళం వేసి మాకు అమ్మారు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఓపెన్ సోర్స్ వాడటం తప్పు కాదు, దానికి డబ్బు తీసుకోవడం కూడా తప్పు కాదు, డోలిబార్ లాంటివాటికి ఉండే జీపీఎల్ అనే లైసెన్సులోనే ఎంత ధరకైనా అమ్ముకోవచ్చని ఉంది. మా పద్ధతికి తగ్గట్టు మార్చారు, జీఎస్టీ ఇ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం) కలిపారు, ఆ పనికి డబ్బు ఇవ్వాల్సిందే. తప్పు ఎక్కడంటే మేమే రాశాం అని చెప్పడం, లైసెన్స్ ఫైలు పీకేయడం, కోడ్‌కి మళ్లీ 3 లక్షలు అడగడం. డోలిబార్ జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఉంటుంది, 2007లో వచ్చిన వెర్షన్ అది. దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్లో పెట్టి ఇచ్చారంటే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో ఇస్తే దానికయ్యే మామూలు ఖర్చు తప్ప ఇంకేం అడగకూడదు. ఎన్‌కోడ్ చేసిన ఫైలు ఇస్తే సోర్స్ ఇచ్చినట్టు కాదు, మార్చుకోడానికి వీలైన రూపంలో ఉండాలి. దానికి వాళ్లు చేసిన మార్పులు కూడా అదే లైసెన్స్ కిందే మన చేతికి రావాలి.

అన్ని లైసెన్సులూ ఇలా ఉండవు, అది తెలుసుకోకపోతే ఇంకా నష్టపోతారు. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్ మీద తయారుచేసి ఇస్తే, అసలు రాసినవాళ్ల కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, మిగతా కోడ్ దాచుకోవచ్చు, అపాచీ లైసెన్స్ కూడా దాదాపు అంతే. అప్పుడు మనకి దిక్కు అగ్రిమెంట్ ఒక్కటే. గుంటూరులో మా ఫ్రెండుది ఇంకో కథ, ఆయన సాఫ్ట్‌వేర్ మొత్తం ఆ కంపెనీ సర్వర్లోనే నడుస్తుంది, ఈయన బ్రౌజర్లో తెరిచి వాడుకుంటాడు. అలాంటప్పుడు జీపీఎల్ ఉన్నా కోడ్ అడిగే హక్కు రాదు, ఎందుకంటే కాపీ ఆయన చేతికి రాలేదు. ఏజీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ అయితేనే, కోడ్‌ని మార్చి నడిపితే, నెట్‌వర్క్ మీద వాడేవాళ్లకి కూడా ఆ కోడ్ ఇవ్వాలి. ఒక్క అక్షరం తేడాకి ఇంత ఉంది.

ఇక అందరూ పొరపడేది, నేనూ పొరపడింది: డబ్బులిచ్చాం కాబట్టి కోడ్ మనదే అనుకోవడం. కాదండి. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కింద లెక్కేస్తారు. మన దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి పనిలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, అది మనది. బయట కంపెనీకో ఫ్రీలాన్సర్‌కో కాంట్రాక్ట్ ఇచ్చి రాయిస్తే అది రాసినవాళ్లదే. డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే యజమాని మనమే అని 17వ సెక్షన్లో ఉంది, ప్రోగ్రామ్‌కి ఆ వెసులుబాటు లేదు. కావాలంటే 19వ సెక్షన్ కింద రాతపూర్వకంగా, వాళ్ల సంతకంతో రాయించుకోవాలి. అందులో కూడా ఎన్నేళ్లు అని రాయకపోతే ఐదేళ్లు అనే లెక్క, ఎక్కడ అని రాయకపోతే ఇండియా వరకే. మా దగ్గర ఉన్నది రెండు పేజీల కొటేషన్, ఒక జీఎస్టీ బిల్లు, అంతే. అంటే ఆ ఇ-ఇన్వాయిస్ భాగం మీద కాపీరైట్ నిజంగానే వాళ్లది. మమ్మల్ని కాపాడింది ఆ కింద ఉన్న జీపీఎల్.

ఇంకో మెలిక. లైసెన్స్ తప్పితే కేసు వేసే హక్కు ముందుగా ఆ కోడ్ రాసిన కాపీరైట్ యజమానులది. కొనుక్కున్నవాళ్లు నేరుగా అడగొచ్చా అన్నదాని మీదే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ 2021లో విజియో టీవీల కంపెనీ మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది. కాబట్టి లైసెన్స్ ఉంది కదా అని ధీమాగా కూర్చోకండి. అడ్వాన్స్ ఇచ్చేముందే ఇది దేని మీద తయారుచేస్తున్నారు, దాని లైసెన్స్ ఏంటి, మీరు కొత్తగా రాసింది ఎవరి పేరున ఉంటుంది అని అడిగి మెయిల్లో రాయించుకోండి. సోర్స్ కోడ్ చేతికొచ్చి, వేరే కంప్యూటర్లో ఒకసారి నడిపి చూసేదాకా మొత్తంలో కనీసం నాలుగోవంతు ఆఖరి పేమెంటుగా ఆపుకోండి. "అవన్నీ ఎందుకు సార్, నమ్మకం మీద చేద్దాం" అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

మేం వకీలు చేత సోర్స్ కోడ్ ఇవ్వాలనే జీపీఎల్ ఆరో సెక్షన్ చూపిస్తూ లెటర్ పంపించాం. పదకొండు రోజులకి ఒక జిప్ ఫైలు పంపారు. మా వాడు విప్పి చూస్తే డోలిబార్ కోడ్ మొత్తం ఉంది, ఇ-ఇన్వాయిస్ ఫైళ్లు నాలుగు మాత్రం ఇంకా తాళం వేసే ఉన్నాయి. ఆ నాలుగూ వచ్చేదాకా 65 వేలు కట్టేది లేదని చెప్పేశాం. ఈలోగా ఇ-ఇన్వాయిస్‌లు పోర్టల్లో చేత్తో కొట్టుకుంటున్నాం, రాత్రి తొమ్మిదిన్నర అవుతోంది షట్టర్ దించేసరికి.