రాబందుల్ని పెంచి వదలడమా, పశువుల మందుల్ని కట్టడి చేయడమా: ఏది మేలు?

రాబందుల మాట వస్తే చాలు, 'జూలో పెంచి అడవిలో వదిలేస్తే సరిపోతుంది కదా' అనేవాళ్లే ఎక్కువ. చూడ్డానికీ బాగుంటుంది మరి, పెద్దమనుషులొచ్చి పంజరం తలుపు తీస్తారు, పక్షి ఎగురుతుంది, మర్నాడు పేపర్లో ఫొటో. మందుల షాపులో సీసాలు తనిఖీ చేస్తే ఎవరు ఫొటో వేస్తారు? కానీ నన్నడిగితే డబ్బు ముందు పెట్టాల్సింది ఆ సీసాల మీదే.

1990లలో రాబందులు రాలిపోతుంటే మొదట ఏదో జబ్బనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం అసలు సంగతి పట్టుకుంది: పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్. సూది పడిన కొద్ది రోజుల్లోనే గొడ్డు చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పోతాయి. కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా యూరిక్ యాసిడ్ సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని ఉంటుంది. ఒక్క కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి కాబట్టి నూటికి ఒక కళేబరంలో మందున్నా చాలు, జాతి కూలిపోతుంది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు 99.9 శాతం పోయాయి.

పెంపకం సంగతి చూద్దాం. హర్యానాలోని పింజోర్ కేంద్రం వాళ్ల పనికి దండం పెట్టాల్సిందే. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల పెద్దదై జతకట్టడానికి ఐదేళ్లు పడుతుంది. అందుకే మొదటి గుడ్డు తీసి ఇంక్యుబేటర్లో పెడితే జంట ఇంకోటి పెడుతుందనే చిట్కా వాడతారు. అంత కష్టపడ్డా అక్కడ పెంపకం 2004లో మొదలైతే ఎనిమిది తెల్లవీపు రాబందుల్ని బయటకు వదిలేసరికి 2020 వచ్చింది. పైగా వదిలిన పక్షి తినేది బయటి గొడ్డునే కదా! అమెరికాలో రాబందు లాంటి కాలిఫోర్నియా కాండోర్‌ని చూడండి: 1987లో మిగిలినవన్నీ పట్టి తెచ్చి పెంచారు, 1992 నుంచి వదులుతున్నారు, అయినా వేటగాళ్ల సీసపు తూటాల ముక్కలు తిని చస్తూనే ఉన్నాయి, పట్టుకొచ్చి ఒంట్లో సీసం తీసి మళ్లీ వదలాల్సి వస్తోంది.

ఇక మందుల కట్టడి. 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ని నిషేధించారు, బాగుంది, కానీ మనుషుల కోసం అమ్మే 30 మి.లీ. సీసా తెచ్చి గేదెకి పొడిచేవాళ్లు. 2015లో మనుషుల ఇంజెక్షన్‌ని 3 మి.లీ.కి కుదించాక, గేదెకి సరిపడా కావాలంటే బోలెడు చిన్న గాజు గొట్టాలు పగలగొట్టాలి, ఎవడికుంది ఓపిక? అదీ అసలైన తెలివి. ఈలోగా ఏసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు వచ్చింది, అది పశువు ఒంట్లో చేరి డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, రాబందుల్ని చంపే మరో నొప్పి మందు కీటోప్రోఫెన్‌నీ పశువులకు ఆపేసరికి 2023 అయింది. రాబందుకు హాని చేయని నొప్పి మందు మెలాక్సికామ్ ఇన్నాళ్లూ షాపులో ఉంటూనే ఉంది! నేపాల్‌లో మందు ఆపి ఊళ్లను ఒప్పించారు, 2017లో పెంచిన పక్షుల్ని వదలకముందే అడవి పక్షులు పుంజుకోవడం మొదలైంది.

మందు తగలని కళేబరాలు వేసే 'రాబందుల హోటల్' మూడో దారి. మంచిదే, ఖర్చూ తక్కువ, కాకపోతే రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే పక్షిని మన విస్తట్లోనే తినమనలేం.

పెంపకం వద్దనడం లేదు. సన్నముక్కు రాబందు లాంటిది అడవిలో అతి కొద్దిగా మిగిలినప్పుడు పంజరంలో కొన్నైనా ఉండాల్సిందే, అది బీమా. కానీ మన తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద 2013లో కనబడినవి రాతి గుట్టల మీద గూడు కట్టే పొడుగుముక్కు రాబందులు. హైదరాబాద్ జూలో పెంచుతున్నవి చెట్ల మీద గూడు కట్టే తెల్లవీపువి. జూ పిల్లలతో ఆ గుట్ట నిండదు. అక్కడ ముందు చేయాల్సింది కాగజ్‌నగర్ వైపు షాపుల్లో సీసాలు చూడటం, పశువుల డాక్టర్లకే కాదు ఊళ్లో సూదులు వేసే ఆర్ఎంపీలకు కూడా మెలాక్సికామ్ అలవాటు చేయడం. ప్రాణహిత దాటితే గడ్చిరోలి, పక్షికి సరిహద్దు లేదు, కాబట్టి మహారాష్ట్ర వాళ్లూ అదే పని చేయకపోతే మన తనిఖీ సగం వృథా.