హైదరాబాద్‌లో పిల్లలతో తిరిగే చోట్లు: ఏళ్ల తరబడి వెళ్లొచ్చాక మా అభిప్రాయాలు

సాలార్‌జంగ్ మ్యూజియం మొత్తం చూపిద్దామని తీసుకెళ్తే రెండో అంతస్తుకు చేరేలోపే పిల్లలు నేల మీద చతికిలబడతారు. మూడే మూడు వస్తువులు చూపించి బయటికి తెచ్చేస్తే, మళ్లీ ఎప్పుడొద్దామని వాళ్లే అడుగుతారు. ఈ నగరంలో పిల్లలతో వెళ్లదగ్గ ప్రతి చోటికీ ఇదే కొలత పనిచేస్తుంది. ఒక రోజుకు ఒకే చోటు, అక్కడ మూడు వస్తువులు, మొత్తం రెండు రెండున్నర గంటలు. పొద్దున బిర్లా, మధ్యాహ్నం చార్మినార్, సాయంత్రం లుంబినీ పార్కు అని పేర్చుకుంటే పిల్లలకు చివరికి గుర్తుండేది ట్రాఫిక్ ఒక్కటే.

టికెట్ల ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. సెలవు రోజులు మాత్రం కంఠతా పట్టాలి. సోమవారం జూపార్కు మూత. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియం మూడూ మూతే. అంటే శుక్రవారం పాతబస్తీ వైపు ఏదీ పెట్టుకోకపోవడం మేలు. ఆదివారం రద్దీ గురించి చెప్పనక్కర్లేదు. చాలామంది ఊహించనిది నవంబరు నుంచి జనవరి వరకు సాగే స్కూలు ఎక్స్‌కర్షన్ల కాలం. ఆ రోజుల్లో పనిదినాల్లోనే పసుపు బస్సులు వరసకట్టి ఉంటాయి. అవి పదిన్నర తర్వాత దిగడం మొదలవుతాయి కాబట్టి గేటు తెరిచే వేళకే లోపల ఉంటే కాసేపైనా ప్రశాంతంగా చూడొచ్చు.

బిర్లా సైన్స్ సెంటర్‌తో మొదలుపెడతాం. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్లకు నగరంలో దీన్ని మించింది లేదనే మా అభిప్రాయం. నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్ పక్కనే. ప్లానెటేరియం 1985 నుంచి ఉంది, సైన్స్ మ్యూజియం ఆ తర్వాత వచ్చింది. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే సరి. నడిచి ఎక్కొచ్చు గానీ గుట్ట బాగా ఏటవాలు, నానమ్మ తాతయ్యలు వెంట ఉంటే ఆ ఆలోచన వద్దు.

ప్లానెటేరియంలో అందరూ చేసే పొరపాటు మొదటి వరసలో కూర్చోబెట్టడం. గోపురం మీద బొమ్మ నెత్తిన పడుతుంది కాబట్టి ముందు కూర్చున్న పిల్లలు మెడ వెనక్కి విరుచుకుని చూడాలి. వెనక వరసల్లో మధ్య సీట్లు అడిగి తీసుకోండి. హాలు పూర్తిగా చీకటవుతుంది. నాలుగేళ్లలోపు వాళ్లలో చాలామంది ఆ క్షణంలో ఏడుపందుకుంటారు, తలుపు దగ్గరి సీటు లేకపోతే షో మధ్యలో బయటికి రావడం కష్టం. ఆ వయసు పిల్లలుంటే ఇద్దరు పెద్దలు వెళ్లి, ఒకరు చిన్నదాన్ని పట్టుకుని బయటే ఉండిపోవడం నయం. ఇంగ్లిషు మీడియం పిల్లల్ని తెలుగు షోకు తీసుకెళ్తుంటే గ్రహాల తెలుగు పేర్లు ముందు రోజు రాత్రే ఓసారి చెప్పి ఉంచాలి. లేకపోతే షో నడుస్తున్నంతసేపూ చెవిలో ప్రశ్నలే.

అసలు సరుకు డైనోసార్ విభాగంలో ఉంది. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం కోటసారస్‌ది. ఇది విదేశాల నుంచి తెచ్చిన ప్లాస్టరు నమూనా కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తవ్వకాల్లో దొరికిన ఎముకలతో కూర్చింది. 1988లో పేరు పెట్టినప్పుడు ఆ ఊరి పేరే జాతి పేరులోకి వెళ్లింది: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పొడవాటి మెడతో ఆకులలములు తిని బతికిన డైనోసార్లలో తొలినాటి రకం ఇది. మామూలుగా పిల్లలు దీని చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఫొటో దిగి వెళ్లిపోతారు. వాళ్లను ఆపడానికి రెండు ప్రశ్నలు చాలు. ఈ ఎముకలన్నీ ఒకే జంతువువా? కావు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి దొరికితే వాటిలోంచి ఏరి ఒకటిగా నిలబెట్టారు. మరి ఇందులో ఊహించి చేసింది ఏది? తల. పుర్రె దొరకలేదు, ఒకటి రెండు పళ్లు మాత్రమే దొరికాయి, కాబట్టి తలకాయ దగ్గరి చుట్టాలను చూసి అంచనాతో చేసిందే. ఈ రెండో సంగతి విన్నాక ఎనిమిదేళ్ల పిల్లలు పావుగంట అక్కడే నిలబడి తలనీ మెడనీ మార్చి మార్చి చూస్తారు. శాస్త్రవేత్తలు ఎక్కడ చూసి చెబుతారు, ఎక్కడ ఊహించి చెబుతారు అన్నది పాఠ్యపుస్తకం ఇంత తేలిగ్గా పట్టివ్వదు.

కింద మ్యూజియంలో బటన్లు నొక్కి ఆడించే నమూనాలు బోలెడు. ఇలాంటివి దేశంలో ఏ సైన్స్ మ్యూజియంలోనైనా కొన్ని నడుస్తాయి, కొన్ని మూలుగుతాయి. పిల్లలు అన్నింటినీ పరిగెత్తుతూ నొక్కేస్తారు, ఒక్కటీ చూడరు. నొక్కే ముందు ఏం జరుగుతుందో చెప్పి నొక్కాలి అనే ఒక్క నిబంధన పెడితే పరుగు దానంతటదే తగ్గుతుంది. తర్వాత బిర్లా మందిర్‌కు కూడా వెళ్లాలనుకుంటే ఫోన్లు లోపలికి పోనివ్వరు, కౌంటర్లో ఇవ్వాలి. ఆ వరస కూడా లెక్కలో వేసుకోండి.

సాలార్‌జంగ్‌లో మా మూడు వస్తువులు ఇవి. మొదటిది సంగీత గడియారం. గంట పూర్తయ్యే కొద్ది నిమిషాల ముందు పైనుంచి చిన్న గడ్డం బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. చాలామంది తీరిగ్గా ఒంటిగంటకు చేరుకుని ఒకే ఒక్క దెబ్బ విని ఉసూరుమంటారు. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు వినొచ్చు గానీ జనం కిక్కిరిసిపోతారు, పిల్లలకు పెద్దల వీపులు తప్ప ఏమీ కనబడవు. పదకొండు గంటల వేళ సరైనది. పావుగంట ముందే వెళ్లి ముందు వరస పట్టండి. పక్కన ఇంకో బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూ ఉంటుంది, ఎదురుచూస్తున్నంతసేపు దాని దెబ్బలు లెక్కపెట్టిస్తే అరవై అయ్యేసరికి చేతి గడియారంతో సరిపోల్చుకోవచ్చు.

రెండోది ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి విగ్రహం. మేలిముసుగు కింద ముఖం కనబడుతున్నట్టే ఉంటుంది, కానీ ముసుగూ ముఖమూ వేర్వేరు కాదు, ఒకే రాయి. చిన్నపిల్లల్ని ముసుగు ఎక్కడ మొదలైందో వేలితో గాలిలో గీసి చూపించమనండి. తాకనివ్వకండి, అంతే. మూడోది జంట విగ్రహం. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫెలిస్, వెనకవైపు మార్గరెట్టా, ఇద్దరూ జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని దయ్యం, అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనబడతారు. ఎక్కడ నిలబడితే అద్దంలో ఆమె మాయమవుతుందో పిల్లలే అటూ ఇటూ జరిగి కనుక్కుంటారు. స్కూల్లో కాంతి పరావర్తనం చదివేటప్పుడు ఇది పనికొస్తుంది. ఓపిక ఇంకా మిగిలితే బొమ్మల గదిలో బొమ్మ సైనికుల దళాలున్నాయి. జేడ్, దంతం, పింగాణీ గదులు పదేళ్లలోపు వాళ్లకు దండగ. పెద్దలకు అవే ఇష్టం, కాబట్టి అవి చూడ్డానికి పిల్లలు లేకుండా ఇంకో రోజు రండి.

గోల్కొండ సంగతి వేరు. ఇక్కడ మూడు వస్తువులు కాదు, ఒకే ఒక్క ప్రయోగం కోసం వెళ్లాలి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, గోల్కొండకూ చార్మినార్‌కూ ఇదే వర్తిస్తుంది. వయసు రుజువుకు స్కూలు ఐడీ కార్డు జేబులో ఉంచుకోండి.

బాలాహిస్సార్ దర్వాజా గోపురం కింద చప్పట్లు కొడితే కొండ మీది మండపం, బారాదరి దగ్గర వినిపిస్తుందని అందరికీ తెలుసు. అందరూ కింద చప్పట్లు కొడతారు, పైన విన్నవాళ్లు తక్కువ. సరిగ్గా చేయాలంటే రెండు జట్లు కావాలి. ఒక జట్టు ముందు పైకి ఎక్కి ఫోన్ చేయాలి. కింది జట్టు గోపురం సరిగ్గా మధ్యన నిలబడి మూడు చప్పట్లు, ఆ తర్వాత నాలుగడుగులు బయటికి జరిగి అంతే బలంగా మూడు చప్పట్లు కొట్టాలి. పైవాళ్లు ఏవి వినబడ్డాయో కాగితం మీద రాసుకోవాలి. తర్వాత జట్లు తారుమారు. ఫోన్ స్పీకరు ఆన్‌లో ఉంచితే ఆ చప్పుడూ ఈ చప్పుడూ కలిసిపోయి ప్రయోగం చెడుతుంది. మొదలుపెడుతున్నాం అని చెప్పి పెట్టేయాలి. పదిగంటలు దాటాక గైడ్లూ పర్యాటకులూ వరసగా చప్పట్లు కొడుతూనే ఉంటారు, ఎవరివి ఎవరివో తెలీదు. అందుకే కోట తెరవగానే మొదలుపెట్టి ఆలోపే ముగించాలి.

పైకి సుమారు 360 మెట్లు. ఒకే ఎత్తున ఉండవు, కొన్ని పిల్లల మోకాలి దాకా వస్తాయి. అయిదేళ్లలోపు వాళ్లను సగం నుంచి ఎత్తుకోక తప్పదు, కాబట్టి చేతిసంచీ కాదు, భుజాలకు తగిలించుకునే బ్యాగే తెచ్చుకోండి. మనిషికి ఒక లీటరు నీళ్లు. చెప్పులు కాదు, బూట్లు. మార్చి మధ్య నుంచి జూన్ వర్షాల దాకా మేమైతే గోల్కొండ ఊసెత్తం. రాయి కాగిపోయి తొమ్మిదిన్నరకే కింది నుంచీ పై నుంచీ వేడి కొడుతుంది. ఎక్కేదారిలో గోడల్లో మట్టి గొట్టాలు బయటపడి కనిపిస్తాయి. దుర్గం చెరువు నీళ్లను కోటకు తెచ్చి, మోటచక్రాలతో ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి అంచెలంచెలుగా ఎక్కించిన ఏర్పాటు తాలూకు ఆనవాళ్లవి. కేబుల్ బ్రిడ్జి ఉన్న ఆ దుర్గం చెరువేనా అని పిల్లలు నోరు తెరుస్తారు. రామదాసు బందీఖానా దారిలోనే ఉంది, గోడ మీది దేవుళ్ల బొమ్మలు చూడాలంటే కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగాలి. గోల్కొండ వజ్రాలు ఇక్కడే తవ్వారని కొందరు చెప్పేది నమ్మకండి. గనులు కొల్లూరు వంటి కృష్ణాతీరపు ఊళ్లలో ఉండేవి, ఇక్కడ జరిగింది వ్యాపారం.

గోల్కొండ కోటలోనే భాగమైన నయా ఖిల్లాలో ఉన్న బావోబాబ్ చెట్టు మొదలు చుట్టుకొలత 27 మీటర్లకు పైనే. మనిషి చేతులు చాపితే దాదాపు తన ఎత్తంత వస్తుంది. క్లాసులో 130 సెంటీమీటర్ల పిల్లలు ఎంతమంది చేతులు కలిపితే ఆ చెట్టు చుట్టూ వస్తారో ఇంట్లోనే లెక్క వేయించి తీసుకెళ్లండి. కనీసం ఇరవై ఒక్కమంది కావాలని తేలాక చెట్టు ముందు నిలబడితే ఆ అంకెకు ప్రాణం వస్తుంది. ఆ వైపు ప్రవేశానికి షరతులుంటాయి, ముందే కనుక్కుని వెళ్లాలి.

జూపార్కు 380 ఎకరాలు. ఈ ఒక్క అంకె చాలు, మొత్తం నడిచి చూపించలేం అని ఒప్పుకోవడానికి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పులులూ సింహాలూ పడుకునే ఉంటాయి. పొద్దున్నే వెళ్లి బ్యాటరీ బండిలో చివరిదాకా పోయి, అక్కణ్నుంచి గేటు వైపు నడుచుకుంటూ రావడం మంచి పద్ధతి, అలసిపోయేసరికి బయట ఉంటారు. నిశాచర జంతువుల గృహం తప్పకుండా చూడండి. అక్కడ పగలు చీకటి చేసి రాత్రి దీపాలు వేస్తారు, అందుకే మనం వెళ్లే వేళకు ఆ జంతువులు మేలుకుని ఉంటాయి. ప్లాస్టిక్ కవర్లు గేటు దగ్గరే ఆపేస్తారు, టిఫిన్ స్టీలు డబ్బాలో పెట్టుకోండి. పక్కనే మీర్ ఆలం చెరువు కట్ట ఉంది, రెండు వందల ఏళ్ల నాటిది. తిన్నటి గోడ కాదు, నీటి వైపు ఉబ్బిన 21 అర్ధవృత్తాల వరస. ఎందుకలా కట్టారో అడిగితే ఒక పెళ్లికార్డు ఇవ్వండి. తిన్నగా నిలబెడితే పడిపోతుంది, వంచి నిలబెడితే నిలబడుతుంది.

బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం జూకు దగ్గరే. బర్గరు, బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నిజంగా నడిచే బండ్లు. ముప్పావుగంట సరదా, అంతకు మించి ఆశించొద్దు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ గురించి కూడా అంతే. ఇంట్లో ఈజిప్టు గురించి చదివి వెళ్లిన పిల్లలు అద్దానికి అతుక్కుపోతారు, చదవని వాళ్లు రెండు నిమిషాల్లో బయటికి లాగుతారు. అదే ఆవరణలోని జవహర్ బాలభవన్ వేరే రకం. 5 నుంచి 16 ఏళ్ల వాళ్లకు సంగీతం, నాట్యం, బొమ్మలు, క్రాఫ్టు నేర్పుతారు. చూసి రావడానికి కాదు, చేర్పించడానికి వెళ్లాల్సిన చోటది.

చలికాలంలో ఆమీన్‌పూర్ చెరువు మాకు అన్నింటికన్నా ఇష్టం, ఖర్చూ తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. బైనాక్యులర్స్ కొనేటప్పుడు 20 రెట్లు, 30 రెట్లు అని రాసినవి తీసుకోకండి. పిల్లల చేయి వణికితే బొమ్మంతా ఊగిపోయి పిట్ట దొరకదు. 8x40 అని రాసినది, అంటే ఎనిమిది రెట్లు చూపేది సరిపోతుంది. గూడబాతు, నీటికాకి, లకుముకి పిట్ట మూడూ గుర్తుపట్టగలిగితే మొదటి రోజుకు అది చాలు. తెల్ల చొక్కాలు, కొట్టొచ్చే రంగుల టీషర్టులు వేసుకొస్తే పిట్టలు దూరం జరుగుతాయి. మట్టిరంగు, ఆకుపచ్చ మేలు. అక్కడ మరుగుదొడ్ల భరోసా లేదు, ఇంటి దగ్గరే ముగించుకుని బయల్దేరండి.

ఎనిమిదో తరగతి దాటిన వాళ్లకు పైవన్నీ చిన్నపిల్లల వ్యవహారాల్లా అనిపిస్తాయి. వాళ్లకు తార్నాక, హబ్సిగూడ వైపు సీఎస్‌ఐఆర్ అనే కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి కింది పరిశోధనశాలలున్నాయి: జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, భూభౌతిక శాస్త్రానికి ఎన్‌జీఆర్‌ఐ, రసాయనాలకు ఐఐసీటీ. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు. సీఎస్‌ఐఆర్ స్థాపక దినం సెప్టెంబరు 26, జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28. ఈ తేదీల చుట్టుపక్కల విద్యార్థుల కోసం తలుపులు తెరుస్తుంటారు, ప్రకటన కొద్ది రోజుల ముందే వస్తుంది కాబట్టి ఆ వారాల్లో పేపర్ల సిటీ పేజీలూ సంస్థల వెబ్‌సైట్లూ చూస్తుండాలి. స్టాళ్ల దగ్గర నిలబడేది అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లే. మధ్యాహ్నానికి గొంతు పోయి, చెప్పిందే చెబుతుంటారు. పొద్దున మొదటి గంటలో వెళ్తే ఒక్కో పిల్లాడికి పది నిమిషాలు కూడా కేటాయిస్తారు. అడగాల్సిన ప్రశ్నలు రెండు రాసుకుని, తల్లిదండ్రులు నాలుగడుగులు వెనక నిలబడితే ఇంకా బాగా మాట్లాడతారు.