మోరా కంపానియన్: చవక చాకు, సానరాయి పరీక్ష

చవకలో అడవి చాకు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఉక్కు పేరు. పెట్టె మీద ఉత్త ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని ఉంటే ఏమీ చెప్పనట్టే. స్వీడన్‌లోని మోరాలో తయారయ్యే కంపానియన్‌లో ఆ దాపరికం లేదు. స్టెయిన్‌లెస్ రకానికి వాడుతూ వచ్చింది 12సి27 ఉక్కు, రెండో రకం కార్బన్ స్టీల్. బ్లేడు పొడవు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం మామూలు రకంలో దాదాపు 2.5 మిల్లీమీటర్లు, హెవీ డ్యూటీలో 3.2.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్సే తీసుకోవాలి. కార్బన్ స్టీల్‌తో నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే కాసేపట్లోనే నల్లమచ్చ పడుతుంది. ఆ నలుపుతో నష్టం లేదు కానీ, తడి ఒరలో పెట్టేస్తే పట్టే ఎర్రతుప్పు అంచును తినేస్తుంది.

చాకు చేతికి రాగానే వెలుతురులో అంచును కంటికి ఎదురుగా పట్టి చూడండి. పదునైన అంచు కనబడదు. ఎక్కడైనా సన్నగా మెరిసిందంటే అక్కడ మొద్దుబారినట్టే. తర్వాత రెండు వైపులా ఏటవాలు (అంచు వైపు వాలుగా నూరిన భాగం) వెడల్పు సమానంగా ఉందో లేదో గమనించండి. తేడా బాగా ఉంటే మార్పించుకోవడమే మేలు, రాయి మీద సరిచేయబోతే బోలెడు ఉక్కు అరిగిపోతుంది.

దీని అసలు గొప్ప ఆ ఏటవాలులోనే ఉంది. వంటింటి చాకులా చివర సన్నటి అంచు కాదు, బ్లేడు సగం నుంచే వెడల్పుగా దిగుతుంది. అందువల్ల కోణం ఊహించుకునే పని లేదు. ఏటవాలును రాయికి పూర్తిగా ఆనించి, వేళ్లు అంచుకు దగ్గరగా పెట్టి నూరడమే. ముందు ఆ భాగానికి మార్కర్ పూయండి. నూరాక సిరా పైభాగంలోనే పోతే వీపు (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు) మరీ కిందికి వాలింది, అంచు దగ్గరే పోతే పైకి లేచింది. (కొత్త చాకుల్లో అంచు దగ్గర మరో సన్నటి ఏటవాలు ఉండొచ్చు. మొదట్లో అక్కడ సిరా మిగిలితే కంగారు పడక్కర్లేదు.)

1000 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) నీళ్ల రాయితో మొదలుపెడితే చాలు, అంచు విరిగి ఉంటేనే 400. ఒక వైపు నూరుతూ, అవతలి వైపు వేలిని అంచు మీదుగా బయటికి లాగితే గరుకుగా బర్, అంటే నూరినప్పుడు అంచు అవతలికి మడతపడే సన్నటి ఉక్కు పొర, తగలాలి. మడమ (పిడి దగ్గరి అంచు చివర) నుంచి మొన దాకా తగిలేవరకు రెండో వైపు తిప్పకండి. చాలామంది తప్పేది ఇక్కడే. మొన దగ్గర వంపు వచ్చేసరికి పిడిని కాస్త ఎత్తాలి, లేకపోతే మొన మొద్దుగానే మిగులుతుంది. తర్వాత 3000 రాయి మీద బరువు వేయకుండా వైపుకొకసారి మార్చి మార్చి నూరి, చివర తోలు బెల్టు మీద వీపు ముందుండేలా పదిసార్లు లాగితే బర్ ఊడిపోతుంది. ఎండు వెదురో, ముడులున్న కర్రో చెక్కేవాళ్లు వీపును వెంట్రుకవాసి ఎత్తి మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగాలి. లేకపోతే అంత సన్నటి అంచు మడత పడుతుంది.

రాయి మధ్యలో గుంటపడితే ఏటవాలు గుండ్రమవుతుంది. గాజు పలక మీద 220 గరుకు కాగితం తడిపి రాయిని చదును చేసుకోండి. వీధిలో తిరిగే సాన చక్రానికి మాత్రం ఈ చాకును ఇవ్వకండి. నీళ్లు వాడని ఆ చక్రం వేడికి అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, ఆ మేరకు అరగదీయడం తప్ప దారి లేదు.

లోపాలూ ఉన్నాయి. ఉక్కు పిడి చివరిదాకా లేదు కాబట్టి మణికట్టు మందం దాటిన కర్రను చీల్చడానికి ఇది పనికిరాదు. వీపు మీద కొట్టాల్సివస్తే కర్రతోనే కొట్టాలి, రాయితో కాదు. వీపు అంచులు గుండ్రంగా ఉంటాయి, అందుకే దానితో అగ్గిరాపిడి కడ్డీని గీకితే నిప్పురవ్వ సరిగా రాలదు. గరుకు రాయి మీద వీపును నిటారుగా నిలిపి కాసేపు రుద్దితే ఆ కొరత తీరుతుంది. ప్లాస్టిక్ ఒర అందంగా ఉండదు గానీ, కడిగితే శుభ్రపడుతుంది, తోలు ఒరలా తేమ పీల్చదు.