‘రీమాస్టర్డ్’ అని రాసి క్యాసెట్ కాపీ అంటగడుతున్నారు, చూసుకుని కొనండి

ప్రపంచం నాశనమయ్యాక మిగిలిన గ్యాంగులు కొట్టుకునే ఎనభైల నాటి ఇటాలియన్ యాక్షన్ సినిమాలంటే ఇష్టపడి డిస్కులు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి.

ఎంజో కాస్టెల్లారి 1982లో తీసిన ‘1990: ద బ్రాంక్స్ వారియర్స్’ డీవీడీని ‘రీమాస్టర్డ్, వైడ్‌స్క్రీన్’ (అంటే పాత ఫిల్మును శుభ్రం చేసి, పూర్తి వెడల్పుతో ఇచ్చింది) అని రాసి ఉంటే ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర రెండు వేలకు పైగా పెట్టి తెప్పించాను. కవర్ తళతళలాడుతోంది. డిస్కు తిప్పి చూస్తే అడుగున ఊదా రంగు! కంపెనీలో అచ్చయిన డీవీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది. ఇది ఎవరో కంప్యూటర్లో కాపీ చేసి పంపిన డిస్కు.

ప్లే చేస్తే ఇంకా ఘోరం. ఎత్తుకి 2.35 రెట్ల వెడల్పుతో (2.35:1) తీసిన బొమ్మని పాత టీవీ సైజుకి కోసేశారు. నది ఒడ్డున గ్యాంగులు ఎదురుపడే సీన్ గుర్తుందా? ఒకతను డ్రమ్స్ వాయిస్తుంటాడు, బైకులు బారులు తీరి ఉంటాయి. ఆ సీన్ అందమంతా ఆ వెడల్పులోనే ఉంది. నా కాపీలో అంచుల్లోని బైకులు మాయం, తెర అడుగున క్యాసెట్ గీతలు వణుకుతున్నాయి.

అమ్మినవాణ్ని అడిగితే ‘పాత చవక సినిమా సార్, ప్రింటే అంత’ అన్నాడు. ఒళ్లు మండిపోయింది. దీనికి కెమెరా పట్టింది సెర్జియో సాల్వాటి. డబ్బు తక్కువే గానీ పనితనం తక్కువ కాదు. మసకంతా కాపీ కొట్టినవాడి పుణ్యమే.

పేర్లతో ఇంకో తిరకాసు ఉంది. కాస్టెల్లారి సినిమానే ‘ద న్యూ బార్బేరియన్స్’ (1983) అమెరికాలో ‘వారియర్స్ ఆఫ్ ద వేస్ట్‌ల్యాండ్’ పేరుతో వచ్చింది. ఇతనే ఆ రెండింటినీ వేర్వేరు సినిమాల్లా పెట్టి అమ్ముతున్నాడు. ‘ఎస్కేప్ 2000’ది తలకిందుల వ్యవహారం: కాస్టెల్లారి ‘ఎస్కేప్ ఫ్రమ్ ద బ్రాంక్స్’కీ, ఆస్ట్రేలియా సినిమా ‘టర్కీ షూట్’కీ అమెరికాలో అదే పేరు పెట్టారు. పేరొక్కటే చూసి డబ్బు కట్టకండి, దర్శకుడెవరో అడగండి.

కొనేముందు డిస్కు అడుగు భాగం ఫోటో పంపమనండి. పంపనంటే వదిలేయండి. అసలైన డిస్కే అయినా రీజియన్ (ఒక ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే కోడ్) చూసుకోవాలి: అమెరికా డీవీడీలు చాలావరకు రీజియన్ 1, మనది 5. బ్లూరేకైతే వాళ్లది ఎ, మనది సి.

సీల్ తీశాక రిటర్న్ లేదని నాకు తెగేసి చెప్పాడు. అందుకే పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీసి పెట్టుకోండి, డిస్కు అడుగు స్పష్టంగా కనబడేలా.