పసితనంలో బాప్తిస్మమా, నమ్మిన తర్వాతా?

చెన్నైలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తల్లిది ఒక సంఘం, తండ్రిది మరో సంఘం అయితే బిడ్డ పుట్టగానే ఈ ప్రశ్న వస్తుంది.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1947 సెప్టెంబరు 27న ఈ ఊళ్లోనే, సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఏర్పడింది. అక్కడ పసిబిడ్డకు నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. పెద్దయ్యాక తన నోటితో విశ్వాసం ఒప్పుకుంటే బిషప్పు కన్ఫర్మేషన్ (విశ్వాసంలో స్థిరపరచే ప్రార్థన) ఇస్తారు. మనం అడగకముందే దేవుడు కృప చూపాడన్న సత్యం ఇందులో కళ్లకు కడుతుంది. రిజిస్టరులో పేరుంది కదా అని ఊరుకునేవాళ్లూ లేకపోలేదు.

బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో, 1941లో మద్రాసులో సువార్తికుడు భక్త్ సింగ్ మొదలుపెట్టిన సహవాసంలో వరుస వేరు. ముందు మారుమనస్సు, సొంత విశ్వాసం. ఆ తర్వాతే నీటిలో మునగడం. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో 2,222 మంది బాప్తిస్మం పొందింది ఇలాగే. నా మనసు ఇటే మొగ్గుతుంది. నికొదేముతో యేసు చెప్పిన కొత్త జన్మ ఒకరి తరఫున మరొకరు పొందేది కాదు.

రక్షణ క్రియల వల్ల కాదు, కృప చేత విశ్వాసం ద్వారానే అన్న ఎఫెసీ పత్రిక మాట దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటివారంతా బాప్తిస్మం పొందిన సంగతిని మాత్రం రెండు పక్షాలూ తమ వైపే చూపుతాయి!

ఒకటి గుర్తుంచుకోండి: సి.ఎస్.ఐ. రెండోసారి బాప్తిస్మాన్ని ఒప్పుకోదు, బాప్టిస్టు సంఘాలు చాలావరకు చిలకరింపును లెక్కలోకి తీసుకోవు. తేదీ ఖాయం చేసేముందే ఇద్దరు పాస్టర్లతోనూ మాట్లాడండి.