ఉద్దానం ఆకాశానికి ఏ ఫిల్మ్ మేలు?

నెబ్యులాలు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు ఫిల్మ్ మీద తీయాలనుకునేవాళ్లు కెమెరా గురించి పెద్దగా బెంగ పెట్టుకోనక్కర్లేదు. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎమ్2 లాంటి పాత మెకానికల్ బాడీ ఏదైనా సరిపోతుంది. బల్బ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే అమరిక) మీద షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచినా వాటికి బ్యాటరీ ఖర్చు కాదు. తర్జనభర్జన పడాల్సింది ఫిల్మ్ దగ్గరే. ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఆలోచించదగ్గవి నాలుగు: ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఫ్యూజీ యాక్రోస్ 2, కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100, మామూలు కలర్ నెగెటివ్.

హెచ్‌పీ5 స్పీడు, అంటే వెలుతురును పట్టే చురుకు, 400 కదా, చీకట్లో అదే మేలని చాలామంది అదే కొంటారు. పగటి లెక్క రాత్రికి పనికిరాదు. వెలుతురు మరీ తక్కువగా, చాలాసేపు పడుతుంటే ఫిల్మ్ మందగిస్తుంది. దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. ఇల్‌ఫర్డ్ సూత్రం ప్రకారం హెచ్‌పీ5కి లెక్కలో వచ్చిన సెకన్లను 1.31 ఘాతానికి పెంచాలి. అంటే 10 నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే, ఫిల్మ్ ఖాతాలో పడేది 2 నిమిషాల పైచిలుకు మాత్రమే. యాక్రోస్ 2 స్పీడు 100 అయినా 120 సెకన్ల దాకా దానికి సవరణే అక్కర్లేదు, 1000 సెకన్ల దాకా అర స్టాప్ చాలు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). కాగితం మీద రెండింటికీ ఉన్న రెండు స్టాపుల తేడా పది, పదిహేను నిమిషాలు తిరిగేసరికి దాదాపు కరిగిపోతుంది. గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రవ్వలు) మాత్రం హెచ్‌పీ5లోనే ఎక్కువ. కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో నా ఓటు యాక్రోస్‌కే.

అయితే యాక్రోస్‌కి ఒక పెద్ద లోటుంది. ముదురు ఎరుపు దానికి సరిగా కనబడదు. హైడ్రోజన్ వాయువు వెలిగే నెబ్యులాల ఎరుపు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, యాక్రోస్ చూపు అంతకు ముందే ఆగిపోతుంది. కృత్తికల చుట్టూ ఉండే నీలి పొగ, ఆండ్రోమెడా గెలాక్సీ, ఒమేగా సెంటారీ గుచ్ఛం లాంటివాటికి ఈ లోటు అడ్డు రాదు. ఒమేగా సెంటారీ మన దగ్గర దక్షిణాన సుమారు 24 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఉత్తర ఐరోపా వాళ్లకి అది దిగంతం దాటి పైకే రాదు. అలాంటిది మనకు చేతికందే ఎత్తులో ఉంది, వదులుకోకూడదు.

ఎరుపు కావాలంటే ఎక్టాక్రోమ్ ఇ100 స్లైడ్ ఫిల్మే (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మ వచ్చేది) దిక్కు. కొడాక్ ఆపేసిన ఎక్టాక్రోమ్ 2018లో మళ్లీ వచ్చింది. హైడ్రోజన్ ఎరుపును అది బాగా పట్టుకుంటుంది. మార్పులు చేయించని డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని కోసేస్తుంది. నేను ఇంకా ఫిల్మ్‌ని వదలకపోవడానికి అసలు కారణం ఈ ఎరుపే. ధనుస్సు రాశిలోని లగూన్ నెబ్యులా స్లైడ్ మీద గులాబీ రంగులో, చుట్టూ పాలపుంత లేత పసుపులో, మధ్యలో నల్లటి ధూళి చారలతో కనిపిస్తే, దాన్ని లైట్‌బాక్స్ మీద పెట్టి లూప్‌తో (చిన్న భూతద్దంతో) ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఇక్కడే చోటు సంగతి కూడా చూసుకోవాలి. ధనుస్సు సాయంత్రం పూట కనిపించే జులై, ఆగస్టుల్లో మనకు మబ్బులు. అందుకే మార్చి, ఏప్రిల్ అమావాస్యలకు, తెల్లవారుజామున, అది ఆగ్నేయంలో ఉన్నప్పుడే పట్టుకోవాలి. విజయనగరం వాళ్లకి తాటిపూడి దగ్గరే కానీ, అక్కడ దక్షిణం వైపు విశాఖ వెలుగు కమ్ముకుంటుంది. ఉద్దానం తీరంలోని బారువ వైపు వెళితే ఆగ్నేయమంతా సముద్రమే, ఊరి దీపాలు ఉండవు. నా మటుకు బారువే మేలు, కానీ ఇసుకలో మాత్రం నిలబడకండి. ఉప్పు చెమ్మ లెన్స్‌కి పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఫిల్మ్ చెమ్మ పీల్చుకుని కెమెరా గేటులో (లెన్స్ వెనక ఫిల్మ్ పరుచుకునే చోట) కాస్త ఉబికితే నక్షత్రాలు మసకబారతాయి. చెమ్మ వల్ల రెసిప్రాసిటీ జబ్బు కూడా ముదురుతుంది. ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికి, జీడితోటల మధ్య ఖాళీ జాగా చూసుకోవడం మంచిది. ఫ్రిజ్‌లో పెట్టిన రోల్ బయటి వేడికి వచ్చాకే డబ్బా మూత తీయాలి.

భూమి తిరుగుడుకి తగ్గట్టు కెమెరాని తిప్పకపోతే 50 ఎంఎం లెన్స్‌తో పది సెకన్లకే చుక్కలు గీతలవుతాయి. ఖరీదైన ట్రాకర్ లేకపోయినా పరవాలేదు, వడ్రంగి చేత రెండు చెక్కలకి ఒక మడతబందు వేయించుకోవచ్చు. బందు నుంచి 229 మిల్లీమీటర్ల దూరంలో, 1 మిల్లీమీటర్ పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఉన్న 6 ఎంఎం బోల్టు బిగించి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే, పై చెక్క మీది కెమెరా ఆకాశంతో పాటే కదిలి, 50 ఎంఎం లెన్స్‌కి పది నిమిషాల దాకా చుక్కలు గీతలు కాకుండా నిలబడతాయి. బందు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. అది మనకు 18, 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఉత్తరాన కొండో తోపో అడ్డు లేకుండా చూసుకోండి.

కలర్ నెగెటివ్ చేయి తిరగడానికి మంచిదే. ఎక్స్‌పోజర్ అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. కానీ ల్యాబ్ స్కానర్ తనకి తోచినట్టు రంగులు దిద్దేస్తే మీరు తీసింది ఏదో మీకే తెలియదు.

ఖర్చుకి వస్తే స్లైడ్ రోల్ వేలల్లో ఉంటుంది, ప్రాసెసింగ్‌కి పెద్ద నగరానికి కొరియర్ చేయాలి. యాక్రోస్‌ని ఇంట్లోనే కడుక్కోవచ్చు. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి కాబట్టి ఏప్రిల్‌లో బేసిన్ నిండా ఐసు గడ్డలు తప్పవు. ఈ-6 కిట్ (స్లైడ్ కడిగే రసాయనాలు) దొరికితే స్లైడ్ కూడా ఇంట్లో చేయొచ్చు. దానికి కావాల్సిన 38 డిగ్రీలు నిలబెట్టడం మన వేసవిలో సులువే.

నవంబరు నుంచి జనవరి దాకా కృత్తికలకు, ఆండ్రోమెడాకు యాక్రోస్ పెట్టండి. ఒమేగా సెంటారీకీ అదే. ధనుస్సు, వృశ్చికాలకు, మృగశిర దగ్గరి ఓరియన్ నెబ్యులాకు ఎక్టాక్రోమ్. ఏడాదికి ఒక్క రోలే కొనగలిగితే మాత్రం ఎక్టాక్రోమే కొని మార్చి దాకా ఆగండి.

ల్యాబ్‌కి పంపేవాళ్లు మొదటి ఫ్రేము పగటి వెలుతురులో తీయండి. నల్లటి ఆకాశంలో ఫ్రేము అంచులు ఎక్కడున్నాయో తెలియక బొమ్మల మధ్యలో కత్తిరించేస్తుంటారు. రోల్ కత్తిరించకుండా పంపమని కవరు మీద పెద్ద అక్షరాలతో రాస్తే ఇంకా మంచిది.